వీధిపోటు ప్లాటు

వెంచర్ వాళ్లు పెట్టిన ఉప్మా ప్లేటు చేత్తో పట్టుకుని, పద్మమ్మ ఆ జగడాన్ని మొదటి నుంచి చివరిదాకా చూసింది. అసలు శివమ్మ తనను తోడు తెచ్చుకున్నదే తన నోటి కోసం. పద్మమ్మ వస్తుంటే సూరారంలో నల్లా దగ్గర బిందెలు వాటంతట అవే పక్కకు జరుగుతాయని పేరు. కానీ ఆ ఆదివారం ఆ నోటికి ఉప్మా నమలడం తప్ప వేరే పని పడలేదు. శివమ్మ ఒక్కతే సరిపోయింది.

ఇద్దరూ దూలపల్లిలో ఒకే మందుల కంపెనీలో, ఒకే బల్ల దగ్గర, పద్దెనిమిదేళ్లు గోలీల పట్టీలు అట్టపెట్టెల్లో సర్దినవాళ్లు. అన్నేళ్లలో శివమ్మ గొంతెత్తగా పద్మమ్మ వినలేదు. సూపర్‌వైజర్ తిడితే తల వంచుకునేది. ఆదివారం రమ్మంటే వచ్చేది. అలాంటి మనిషి, శామీర్‌పేట దాటాక రోడ్డు పక్కన వేసిన షామియానా కింద, మెడకు టై కట్టుకున్న సాయికిరణ్ అనే ఏజెంటు ముందు వేలు ఊపుతూ నిలబడింది.

“అరవై ఒకటి. నాకు అరవై ఒకటే గావాలె.”

“అమ్మా, అది వీధిపోటమ్మా,” అన్నాడు సాయికిరణ్, నక్షా మీద పెన్ను పెట్టి. “చూడుర్రి, గీ రోడ్డు సక్కగ వచ్చి దాని నెత్తిన గుద్దుతాంది. గసొంటి జాగల ఇల్లు గట్టుకుంటే అచ్చిరాదంటరు. అందుకే నాలుగేండ్ల సంది ఎవ్వరు ముట్టుకుంటలేరు. తూర్పు వరుస మొత్తం ఖాళీగుంది. ఏది నచ్చితే దాని మీద వేలు పెట్టుర్రి, అదే రేటు.”

“నా వేలు గీడ్నే ఉంది.”

సాయికిరణ్ ఆమెను ఎగాదిగా చూశాడు. లోపలికి పోయి ఫోన్లో ఎవరితోనో మాట్లాడి వచ్చాడు. వచ్చేసరికి మొహం మారింది. “మేనేజర్ సారు ఏమంటున్నడంటే, అది రోడ్డు మీదికెల్లి కనవడే ప్లాటట. ప్రీమియమట. గజానికి ఐదు వందలు పైన పడుతదట.”

అప్పుడు చూడాలి శివమ్మను. కొంగు నడుముకు దోపి, ఉచిత బస్సులో వచ్చి కుర్చీల్లో కూర్చున్న ముప్పై నలభై మంది వైపు తిరిగింది.

“అయ్యా, అమ్మా, జర ఇనుండ్రి. గీ పిలగాడు ఇంతకుముందు అరవై ఒకటిల ఇల్లు గడితే అచ్చిరాదన్నడు. గిప్పుడు దానికే ఎక్కువ పైసలియ్యమంటుండు. అచ్చిరాని దానికి ఎక్కువ రేటు పెట్టేటోడు మీకు మంచి ప్లాటని ఏదిస్తడో మీరే సూస్కోండ్రి. మీల ఎవరన్న తీస్కుంటరా అరవై ఒకటి? చెయ్యి లేపుండ్రి!”

ఒక్క చెయ్యి లేవలేదు. సరిగదా, బిల్లు పుస్తకం ముందు కూర్చున్న ఒక మొగుడూ పెళ్లాలు పెన్ను మూత పెట్టేశారు. అంతే. మేనేజరు స్వయంగా బయటికి వచ్చి, “అమ్మా, మెల్లగ, మెల్లగ,” అంటూ ఆమెకు కుర్చీ వేశాడు. గజానికి ఐదు వందలు ఎక్కువ అన్నది, మూడు వందలు తక్కువకు దిగింది. హద్దు రాళ్లు కొత్తవి పాతించి ఇస్తామని కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితాన్ని పద్మమ్మ కూడబలుక్కుని పైకి చదివింది. మూడో తరగతి వరకు చదివింది మరి. ఆ ప్రాంతంలో తన ఈడు ఆడవాళ్లలో వేలిముద్ర వెయ్యనిది తానొక్కతే అని ఆమె నమ్మకం.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో పద్మమ్మ ఆగలేకపోయింది. “ఓసినీ, పద్దెన్మిదేండ్లు గీ నోరు ఏ డబ్బల పెట్టి సీలేసినవే? గని పిచ్చిదానా, గెలిచి గెలిచి వీధిపోటుది గెలుస్తివేందే!”

శివమ్మ నవ్వలేదు. ఆటో మేడ్చల్ వైపు తిరిగాక మెల్లగా చెప్పింది.

“గాడ నా బిడ్డ ఉందక్కా.”

ఆ వెంచరు ఒకప్పుడు శివమ్మ అత్తగారి పొలం. రెండెకరాలు. బావ గండయ్య, మొగుడు కుర్మయ్య కలిసి దున్నుకునేవారు. పెద్ద బిడ్డ బాలమణికి నాలుగేళ్లప్పుడు జ్వరం వచ్చింది. మూడో రోజు మెడ నిలవలేదు. మేడ్చల్ దవాఖానాకు తీసుకుపోతుంటే దారిలోనే పోయింది. వాళ్ల కులంలో పెద్దవాళ్లు పోతే పొలంలోనే పూడ్చి గద్దె కడతారు, పేరు రాస్తారు. పసిపిల్లలకు గద్దె ఉండదు. మన్ను కప్పి, కుక్కలు తవ్వకుండా నాలుగు రాళ్లు పెట్టి, పైన ముళ్ల కంప వేసి వస్తారు. రెండు వానలకు అదీ చదునైపోతుంది. ఆడవాళ్లు వెంట పోరు. తల్లికయితే ఆ జాగ అసలు చూపించరు. చూస్తే మనసు అక్కడే ఉండిపోతుందని, తర్వాతి కాన్పు నిలవదని అంటారు.

“మరి నీకెట్ల తెల్సె?”

“నేనూకున్ననా? తిండి మానిన. సూపియ్యి, సూపియ్యి అని మా ఆయన పానం తిన్న. పదోనాడో పన్నెండోనాడో తోల్కపోయి సూపిచ్చిండు. మోటరు ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె కాడికెల్లి పడమర గట్టు దిక్కు ముప్పై నాలుగు అంగలు. నా అంగలు. డోజర్లు అంత సదును జేసినా దిమ్మె మాత్రం కరెంటోళ్లది గద, గట్లనే ఉంది. మొన్నొచ్చి మళ్ల లెక్కవెట్టిన. సక్కగ అరవై ఒకటిల పడ్డది.”

పద్మమ్మ మొహం పక్కకు తిప్పుకుని రోడ్డు చూసింది. ఏడుపు ఎవరికీ చూపించే అలవాటు ఆమెకు లేదు.

ఇదంతా కరోనాకు ముందు సంవత్సరం. కంపెనీ మానేసినప్పుడు చేతికొచ్చిన పీఎఫ్, కాళ్ల కడియాలు, పాడుకున్న చిట్టీ, అన్నీ ఆ వంద గజాల్లోకి పోయాయి. కొడుకు శ్రవణ్ బౌరంపేట్‌లో స్కూలు బస్సు నడుపుతాడు. ఆ పైసలతో అక్కడే ఒక ఫ్లాటుకు అడ్వాన్సు కడదామన్నాడు. వినలేదని ఆరు నెలలు తల్లితో మాట్లాడలేదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో సాక్షిగా పద్మమ్మ సంతకం చేసింది. అక్షరం అక్షరం చెక్కినట్టు రాసి, వెనక వరుసలో వాళ్లను చాలాసేపు నిలబెట్టింది.

అప్పటి నుంచి ప్రతి అమావాస్యకు శివమ్మ బస్సెక్కి ప్లాటుకు పోయేది. గిన్నెలో పాలు, పొట్లంలో తీపి గరిజెలు. కొన్నిసార్లు పద్మమ్మను కూడా లాక్కుపోయేది. ఒక మూల కనకాంబరం మొక్కలు పెట్టింది. నీళ్లు లేక అవి సగం చచ్చేవి, మళ్లీ పెట్టేది. చుట్టూ ఇళ్లు లేస్తున్నాయి. తూర్పు వరుస మొత్తం గేట్లూ, కార్లూ, పైన నీళ్ల ట్యాంకులతో నిండిపోయింది. ఎండలో కూర్చుని శివమ్మ ఉత్త మట్టితో ముచ్చట పెట్టేది. నీ తమ్మునికి కొడుకు పుట్టిండే. ఈ ఏడు బతుకమ్మకు నీ అసొంటి పోరి ఒకతి మా గల్లీల మస్తు ఆడింది. పద్మమ్మ దూరంగా గొడుగు వేసుకుని నిలబడి, “అయిందా మీ తల్లిబిడ్డల ముచ్చట? బస్సు పోతది,” అని కసిరేది. కసిరి ఇంకో పావుగంట ఆగేది.

ఈ ఏడు శివమ్మ ఒక నిర్ణయానికి వచ్చింది. ప్లాటులో ఒక రేకుల గది వేసుకుని అక్కడే ఉంటానంది. వేరే కోరికేమీ లేదు, బిడ్డ పక్కన పడుకోవాలి, అంతే. పునాదికి ముగ్గు పోయాలంటే ఇంటి పెద్ద కావాలి కదా అని బావ గండయ్యకు కబురు పెట్టింది. పొలం అమ్మాక ఆయన వేరే ఊళ్లో కూతురింట్లో ఉంటున్నాడు. భూమి పోయాక ఆ దిక్కు రాలేదు.

డెబ్బై అయిదేళ్ల మనిషి, కట్టె పొడుచుకుంటూ వచ్చాడు. ముగ్గు గిన్నె చేతిలో పట్టుకుని నాలుగు దిక్కులూ చూశాడు.

“ఇన్ని ప్లాట్లుండంగ గీ రోడ్డు గుద్దేది ఎందుకు గొన్నవ్ శివమ్మా? నన్నొక్క మాట అడుగకపోతివి.”

“నీకు తెల్వనిదా బావా. బాలమణి గీడ్నే ఉంది గద.”

“గీడనా? ఎవరన్నరు?”

“నీ తమ్ముడే సూపిచ్చె. గా దిమ్మె కాడికెల్లి ముప్పై నాలుగు అంగలు.”

గండయ్య గిన్నె కింద పెట్టాడు. తర్వాత తానూ కింద కూర్చున్నాడు. కూర్చోవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

“గీడ లేదమ్మా,” అన్నాడు. “నేనే గద ఎత్కపోయింది. నా శాలువలనే సుట్టిన. గీ గట్టు దిక్కు మేము రానేలే.”

శివమ్మ మూలన ఉన్న కనకాంబరం మొక్కల వైపు తిరిగి చూసింది.

“నీకప్పుడు శ్రవణ్‌గాడు కడుపుల ఉండె. తల్లికి జాగ సూపద్దని మా అమ్మ మా ఇద్దరి తోని ఒట్టేపిచ్చె. నువ్వేమొ పచ్చి మంచినీళ్లు ముట్టకపోతివి. వాడు ఏం జేస్తడు? గీ గట్టు మీద నాలుగు రాళ్లు పేర్చి, ఇంత కంప గప్పి, గిదే అని నీకు సూపిచ్చిండు. గా దినం ఇంటికొచ్చి నువ్వు అన్నం తిన్నవ్. కడుపు నిండ తిన్నవ్. వాడు నా కాడికొచ్చి ఏడ్చిండు, అబద్దం జెప్పిన అన్నా, గని తిన్నది అని. తిన్నంక మళ్ల నీకు ఎవరు జెప్తరు?”

పద్మమ్మ నోరు తెరిచింది.

“ఓ ముసలోడా, నీ నోట్లె మన్నువడ! ముప్పై ఏండ్లు ఉత్త రాళ్లకు పాలు పోయిస్తిరి గదరా దీనితోని! సరే, అప్పుడు కడుపుతోని ఉండె. మరి భూమి అమ్మిననాడన్న నోట్లెకెల్లి మాట రాకపోయెనా?”

“చెప్తే అమ్మనిస్తుండెనా?” గండయ్య తల ఎత్తకుండానే అన్నాడు. “అమ్మకపోతే తమ్మునికి వారానికి రెండుమాట్ల రక్తం కడిగిచ్చే పైసలు ఏడికెల్లి తెద్దును? సంతకం పెట్టంగ వాడు గుడ నా దిక్కు సూసిండు, నేను గుడ వాని దిక్కు సూసిన. ఎవ్వరం ఏమనలే.”

ఆ భూమి పైసలతోనే కుర్మయ్య మూత్రపిండాలు చెడిపోయాక కూడా ఇంకో రెండేళ్లు బతికాడు. ఆ రెండేళ్లు అతని పక్కన శివమ్మే ఉంది. ఆ మాట ముగ్గురికీ తెలుసు.

శివమ్మ ఒక్కటే అడిగింది. “ఏడుంది?”

గండయ్య కట్టె ఆసరాతో లేచి తూర్పు వైపు నడిచాడు. నడుస్తూ పూడిపోయిన బావి, నరికేసిన తుమ్మచెట్టు ఒకప్పుడు ఉన్న చోట్లను గుర్తు పట్టుకున్నాడు. తూర్పు వరుసలో ఏడో ఇంటి ముందు ఆగాడు. మీగడ రంగు గేటు. రెండంతస్తులు. గేటు లోపల, కారు నిలిపే చోట నున్నటి బండలు పరిచి ఉన్నాయి.

“గా కారు ముంగటి టైరు ఉన్న కాడ. కొద్దిగ ఇటో అటో.”

ప్లాటు బేరమాడిన ఆ ఆదివారం ఈ వరుస మొత్తం ఖాళీగా ఉండింది. ఏది నచ్చితే దాని మీద వేలు పెట్టమన్నాడు ఆ టై కట్టిన పిలగాడు. పద్మమ్మకు అది గుర్తొచ్చింది. పక్కన ఉన్న శివమ్మకు కూడా అదే గుర్తొచ్చి ఉంటుంది. కానీ ఎవరు ఎవరితో అంటారు.

శివమ్మ రెండు చేతులతో గేటు ఊచలు పట్టుకుని లోపలికి చూస్తూ నిలబడింది. ఎంతసేపని. లోపలి నుంచి ఒక పిల్ల వచ్చింది, ఇరవై ఆరు ఇరవై ఏడేళ్లుంటాయి. మెడలో ఆఫీసు కార్డు తాడు, చేతిలో ఫోను. పేరు స్నిగ్ధ అని తర్వాత తెలిసింది. నెలలు నిండుతున్న కడుపు.

“పని కోసమా ఆంటీ? వాచ్‌మన్ పంపించాడా?” అని అడిగింది. “రోజూ పొద్దున్నే వచ్చి ఇల్లు ఊడ్చి, ఈ పార్కింగ్ అంతా కడిగి, ముగ్గు వెయ్యాలి. ఇద్దరిలో ఎవరు చేస్తారు?”

పద్మమ్మ భగ్గుమంది. “ఏం సూసి అడిగినవమ్మా? మా మొకాలకు పనోళ్లమని రాసి పెట్టి ఉందా? సూడు గాడ, అరవై ఒకటో ప్లాటు మాది! రిజిస్ట్రీ కాయితం మీద నా సంతకముంది! మేము ఎవ్వరి అంట్లు తోమినోళ్లం గాదు, కంపెనీల ఉద్యోగం జేసినోళ్లం!”

ఆ పిల్ల ఎర్రబడి, “సారీ ఆంటీ, తెలియక అడిగాను, ఏమీ అనుకోకండి,” అంది. మంచి పిల్లే. లోపలికి పోయి రెండు గ్లాసుల్లో చల్లటి నీళ్లు తెచ్చింది. పద్మమ్మ ముట్టుకోలేదు. శివమ్మ మాత్రం రెండు చేతులతో గ్లాసు అందుకుని కొంచెం కొంచెం తాగింది. తాగుతున్నంతసేపు కారు టైరు వైపే చూసింది.

గండయ్యను ఆటో ఎక్కించి పంపారు. ముగ్గు పోయనేలేదు. గిన్నె అక్కడే ఉండిపోయింది. రోడ్డు మీది బస్‌స్టాపులో ఇద్దరే కూర్చున్నారు. సాయంత్రం ఎండ. మట్టి లారీలు పోతున్నాయి.

పద్మమ్మే మొదలుపెట్టింది. “నేను జెప్త. రేపు పోయి ఉన్నది ఉన్నట్టు జెప్త. సదువుకున్న పిల్ల, ఇంటది. లేకుంటే పంచాయతి పెడ్త.”

“చెప్తే ఏమైతది?”

“ఏమైతది? బండలు తీపిచ్చి ఇస్తరు నీ బిడ్డను నీకు.”

“ముప్పై మూడేండ్లక్కా,” అంది శివమ్మ. “ఏముంటదని ఇస్తరు? భయంతోని తవ్విపిస్తరు. వచ్చింది మన్నో బొక్కో, మూట గట్టి చెర్ల కలిపిస్తరు. శాంతి జేపిస్తరు. గా పిల్ల కడుపుతోని ఉంది, సూడలే? నిద్రవోతదా గా ఇంట్ల ఇగ? నాకు ఒకలు జెప్పక బతికిచ్చిండ్రు. నేను పోయి ఇంకొకదానికి జెప్పి సంపాల్నా?”

పద్మమ్మ గొణిగింది. “అయితే ప్లాటమ్మి పారెయ్. శ్రవణ్ ఎప్పుడో మొత్తుకునె. రేటు రెండింతలైంది. ఏం జేస్కుంటవ్ ఉత్త మన్నును?”

“నేను అమ్మను. గది వేస్కుంట. దగ్గరుంటది.”

“దేనికి దగ్గర?”

శివమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడుపు కాదు, చెమట. ఏడుపు ఆమెకు ఆ రోజు రానే లేదు. అదే పద్మమ్మకు భయంగా ఉంది.

“అక్కా, ఒక పని జేసిపెట్టు. నువ్వు గాదనద్దు.”

“చెప్పు ముందు.”

“రేపు పొద్దుగాల గా పిల్ల కాడికి పో. నువ్వే తిట్టినవ్, నువ్వే పోవాలె. తప్పయింది బిడ్డా అను. నాకు తెల్సిన ముసల్ది ఒకతుంది, పొద్దున్నే వచ్చి కడుగుతది, ముగ్గేస్తది, పెట్టుకో అను.”

పద్మమ్మ ఆమెను చూసింది.

“నువ్వా? ప్లాటు గలదానివి, ఆల్ల ఇంట్ల గచ్చు కడుగుతవా?”

“కారు తీసినంకనే కడుగుత. కారుంటే నీళ్లు మంచిగ పోవు.” శివమ్మ అప్పటికే ఆ పనిలో ఉన్నట్టు చెబుతోంది. “జీతం ఎంతంటే ఎంతిస్తే గంత అను. గని ఊకెనే జేస్తదని అనకు. ఊకె జేస్తనంటే అనుమానపడుతరు, పెట్టుకోరు. ఆ పిల్ల కానుపుకు పుట్టింటికి పోయినా నేను రోజు వస్తనని జెప్పు. పండుగలకు సుట్టీ అడగదని జెప్పు.”

“ప్లాటు మాదని మొత్తుకుంటి గదనే గిందాకనే! ఇప్పుడు ఏ మొకం పెట్టుకొని పోవాలె?”

శివమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. పద్దెనిమిదేళ్లు ఒకే బల్ల దగ్గర పనిచేసినా ఎప్పుడూ పట్టుకోని చెయ్యి.

“గదే అంటున్న. ప్లాటు నీదని జెప్పు అక్కా. నాది గాదని జెప్పు.”